పసిబిడ్డ బరువు తగ్గితే...

ప్రసవమైన ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మనలో ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు. "పుట్టినప్పటికంటే పాప చిక్కిపోయిందే, తల్లికి పాలు చాలడం లేదేమో!" అన్నవారు మరచిపోతారు, బాలింత మరచిపోదు. ఆ రాత్రికే ఇంట్లోకి డబ్బా పాలు వస్తాయి. మేమూ ఒకప్పుడు అలా అన్నవాళ్లమే.

నిజానికి మొదటి మూడు నాలుగు రోజుల్లో బిడ్డ బరువు తగ్గడం సహజం. ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోతుంది, నల్లగా జిగటగా ఉండే తొలి మలం పోతుంది. అప్పుడు వచ్చే ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి, ఆ చిన్న పొట్టకు అవి చాలు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు దిగిందని కంగారు పడనక్కర్లేదు. పాలు సరిగా పట్టుకుంటోందో లేదో చూసుకుంటే సరి. అదే 300 గ్రాములు, అంటే పుట్టిన బరువులో పదో వంతు తగ్గితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. చాలామంది బిడ్డలు 10 నుంచి 14 రోజుల్లో పుట్టిన బరువుకు తిరిగి చేరుకుంటారు. రెండు వారాలు దాటినా చేరకపోతే అప్పుడూ చూపించాలి. ఆ తర్వాత రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

ఇంతకీ పుట్టిన బరువెంతో తెలియకపోతే ఈ లెక్కంతా వృథా. డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా దాచుకోండి. తూచిన ప్రతిసారీ బట్టలు తీసేసి, వీలైతే అదే కాటా మీద తూయించండి. పెద్దవాళ్లు బిడ్డనెత్తుకుని కాటా ఎక్కి తమ బరువు తీసేసే పద్ధతిలో వంద గ్రాముల తేడా తెలియదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, ఆమె దగ్గర కాటా ఉంటుంది. రాకపోతే అడగండి.

మధ్య రోజుల్లో మూత్రమే గుర్తు. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా పోయాలి, మలం పసుపు రంగుకు మారాలి. రాత్రీ పగలూ కలిపి ఎనిమిదిసార్లకు తగ్గకుండా పాలివ్వాలి. పంచదార నీళ్లు, తేనె వద్దు. తేనె వల్ల ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాంతక జబ్బు రావచ్చు.

రెండున్నర కిలోల కంటే తక్కువతో, లేదా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో మరింత మెలకువ కావాలి. ఏ బిడ్డయినా పాలకు లేపినా లేవకుండా మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, పచ్చదనం అరచేతులకు, అరికాళ్లకు పాకినా ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దామని ఆగవద్దు.