పచ్చి నెక్కా? కాల్చిన నెక్కా?

మాది చల్లపల్లి. చుట్టూ వరిచేలు, కాలవలు. వానలు పడి చేలు నిండితే ఇంటి తలుపులు బిగుసుకుపోతాయి. తలుపు చెక్కకి జరిగేదే గిటార్ నెక్‌కీ జరుగుతుంది: తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. పైగా ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆరు తీగలూ కలిసి దాన్ని సుమారు 45 కిలోల బలంతో లాగుతుంటాయి. నెక్ కాస్త వంగినా తీగల ఎత్తు మారి వేళ్ళు నొప్పెడతాయి, శ్రుతి తప్పుతుంది.

దీనికో విరుగుడు రోస్టెడ్ మేపుల్. ఆక్సిజన్ బాగా తక్కువున్న బట్టీలో మేపుల్ చెక్కని 160–220 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతారు. అంటుకోదు, గోధుమరంగుకి తిరుగుతుంది. ఎండబెడితే చాలదా అంటారా? పచ్చి కుండని ఎంత ఎండబెట్టినా నీళ్ళు పోస్తే కరుగుతుంది. ఆవంలో కాలిస్తే నిలుస్తుంది. ఇదీ అలాంటిదే. చెక్కలో నీటిని ఎక్కువగా పట్టుకునే హెమీసెల్యులోజ్ ఆ వేడికి విరిగిపోతుంది. ఇక తేమ పీల్చడం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. అందుకే లోపల ట్రస్ రాడ్ ఉండాల్సిందే. చెక్క కొంచెం పెళుసవుతుంది కూడా.

మన నూజివీడు వీణకి మెట్లు మైనం మీద ఉంటాయి. తేడా వస్తే మళ్ళీ కూర్చుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, ఆ వెసులుబాటు లేదు. నెక్ నిలకడగా ఉండాలి.

కాబట్టి డెల్టాలో గిటార్ కొనేవాళ్ళు రంగు చూసి మురిసిపోకండి. అది కాల్చిన చెక్కా, ఉత్త రంగు పూతా అని అడగండి. డబ్బులు చాలకపోతే మామూలు మేపులే తీసుకోండి. వానాకాలం ఒకసారి, వేసవిలో ఒకసారి ట్రస్ రాడ్ సరిచూసుకుంటే అదీ ఏళ్ళ తరబడి మోగుతుంది.