అడిగితేనే తెలిసే తేడాలు

పరాయి దేశానికి చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థికి అక్కడి తిండి, బట్ట, చలి మొదటి వారంలోనే అనుభవానికి వస్తాయి. మనుషులు ఏ మాటకు సంతోషిస్తారో, ఎక్కడ నొచ్చుకుంటారో, ఎందుకో మాత్రం వాళ్లతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. ఇందుకు జర్మనీ మంచి ఉదాహరణ. 2022-23 శీతాకాల సెమిస్టర్ నుంచి అక్కడి విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే అతి పెద్ద సంఖ్య. వారిలో తెలుగువారూ ఉన్నారు.

మాటలు కలిసే చోట్లు ముఖ్యంగా రెండు. మొదటిది 'వేగే': కొందరు విద్యార్థులు తలో గది తీసుకుని, వంటగదిని కలిసి వాడుకునే అద్దె ఇల్లు. రెండోది 'టాండెమ్': వేర్వేరు భాషల విద్యార్థులను విశ్వవిద్యాలయం జతకలిపే పద్ధతి. కలిసినప్పుడు సగం సేపు ఒకరి భాషలో, సగం సేపు మరొకరి భాషలో మాట్లాడుకుంటారు.

ముందుగా ఎదురయ్యే తేడా అవును, కాదుల దగ్గర ఉంటుంది. తెలుగింట్లో అతిథి "వద్దండీ" అంటే మొహమాటపడుతున్నారని మరో ముద్ద వడ్డిస్తారు. జర్మన్ ఇంట్లో వద్దంటే సాధారణంగా మళ్లీ అడగరు. ఒకసారి చెప్పాక బలవంతం చేస్తే ఎదుటివారి మాటను లెక్కచేయనట్టని వాళ్లు భావిస్తారు. అలాగే పని తప్పించుకోవడానికి తెలుగు విద్యార్థి "చూద్దాంలే" అంటే, అవతలివారు నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తారు. కొన్ని సమాజాల్లో అర్థం చాలావరకు సందర్భంలోనూ చనువులోనూ ఇమిడి ఉంటుందని, మరికొన్నింటిలో పలికిన మాటలోనే ఉంటుందని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో వివరించాడు. జర్మన్లను ఆయన రెండో కోవలో చేర్చాడు. ఇది తెలిశాక, ప్రాజెక్టు చూసి "ఈ భాగం బాగాలేదు" అని ముఖం మీదే చెప్పే సహాధ్యాయి పనిని తప్పుపడుతున్నాడే గాని మనిషిని కాదని అర్థమవుతుంది.

ఏం అడగవచ్చన్నదీ మారుతుంది. తెలుగునాట జీతమెంత, పెళ్లెప్పుడు అని అడగడంలో ఆప్యాయత ఉంటుంది. జర్మనీలో జీతం సంగతి స్నేహితుల మధ్య కూడా అరుదుగానే వస్తుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజే చెబితే కీడని అక్కడ చాలామంది నమ్మకం. ఇలాంటివి పాఠ్యప్రణాళికలో ఉండవు. వంటగది కబుర్లలోనే బయటపడతాయి.

కొన్ని తేడాల వెనక చరిత్ర బరువు ఉంటుంది. నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ ప్రకారం నేరం. దీపావళికి గుమ్మం దగ్గర ఆ చిహ్నాల్లో ఒకదాన్ని పోలిన ఎర్రటి స్వస్తిక్ వేస్తే పక్కింటివారు ఉలిక్కిపడటం సహజం. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు అది ఎంతోకాలంగా శుభచిహ్నమని వివరించాల్సింది విద్యార్థి. అదే గుర్తు కింద లక్షలాది మంది యూదులను చంపిన గతాన్ని, దాన్ని తమ బడుల్లో ఎలా బోధిస్తారో చెప్పగలిగింది పక్కింటివారు. ఆ మాటలు నడవకపోతే ఒకరికి భయం, మరొకరికి అవమానం మిగులుతాయి.

ప్రశ్నలు అటునుంచీ వస్తాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లికి ఒప్పుకుంటారా, కులం ఇంకా ఉందా, సంపాదన మొదలయ్యాక కూడా అమ్మానాన్నల దగ్గరే ఎందుకుంటారు అని అడుగుతారు. పుట్టినప్పటి నుంచి మామూలే అనుకున్నవాటికి కారణాలు వెతకాల్సి రావడంతో విద్యార్థి తన సమాజాన్ని కూడా కొత్తగా చదువుతాడు. కులం గురించి నిజాయితీగా చెప్పడం దేశాన్ని తక్కువ చేయడం కాదు. నమ్మకంతో అడిగినవారికి ఇవ్వాల్సిన గౌరవం అది.

ఒకరి మాటను దేశమంతటికీ అంటగట్టకూడదు. బవేరియా పల్లెలో కాథలిక్ కుటుంబంలో పెరిగిన యువతి, 1990 వరకు వేరే దేశంగా ఉన్న తూర్పు జర్మనీలో మతంతో సంబంధం లేని ఇంట్లో పెరిగిన యువకుడు ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పవచ్చు. గుంటూరు విద్యార్థి భారతదేశమంతటి తరఫునా మాట్లాడలేడు. అందుకే ఒకే ప్రశ్నను పలువురిని అడగడం మేలు.

తెలుగు స్నేహితుల గుంపు బెంగను తగ్గిస్తుంది, అవసరానికి ఆదుకుంటుంది. సాయంత్రాలన్నీ అక్కడే గడిస్తే మాత్రం చుట్టూ ఉన్న దేశం తెలియకుండానే డిగ్రీ పూర్తవుతుంది. వారానికి ఒక టాండెమ్ సమావేశం, వేగే వంటగదిలో కలిసి ఒక పూట భోజనం, తప్పుపట్టే గొంతుతో కాక తెలుసుకోవాలనే ఆసక్తితో అడిగే "ఎందుకు?" అనే ప్రశ్న ఉంటే ఆ కొరత తీరుతుంది.