కరోనా తగ్గినా ఆయాసం పోలేదా..? సీటీ స్కాన్‌కు పరుగెత్తే ముందు ఇవి తెలుసుకోండి..!

కరోనా నెగెటివ్ వచ్చి నెల దాటింది. అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రయితే పొడి దగ్గు. ఊపిరితిత్తులు పాడయ్యాయేమో, ఇంకోసారి స్కాన్ తీయిద్దామా..? నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోనైనా, హైదరాబాద్‌లోనైనా కోలుకున్నవారికి వచ్చే అనుమానమే ఇది.

ఎప్పుడు తీయించాలి..?
న్యుమోనియా తగ్గినా ఊపిరితిత్తుల్లో వాపు వెంటనే పోదు. కొన్ని వారాల పాటు మచ్చలు కనిపిస్తూనే ఉంటాయి. చాలామందిలో అవి మెల్లగా వాటంతటవే తగ్గుతాయి. తొందరపడి స్కాన్ తీస్తే మానుతున్న మచ్చ కూడా భయపెడుతుంది. అందుకే 2020లో బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ.. న్యుమోనియా వచ్చినవారికి 12 వారాలకు ఛాతీ ఎక్స్‌రే తీయాలని సూచించింది. జబ్బు తీవ్రంగా వచ్చినవారిని మాత్రం డాక్టర్ 4 నుంచి 6 వారాల్లోనే ఓసారి చూడాలి. ఎక్స్‌రేలో మచ్చలు పోకపోయినా, ఆయాసం తగ్గకపోయినా అప్పుడు సీటీ, ఊపిరి పరీక్షలు చేస్తారు. ఇంట్లోనే కోలుకుని, ఏ ఇబ్బందీ లేనివారికి సాధారణంగా స్కాన్ అక్కర్లేదు.

రేడియేషన్ సంగతేంటి..?
ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానమని 2021 మేలో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా అన్నారు. కొత్త మెషిన్లలో అది 5-10 ఎక్స్‌రేలంతేనని రేడియాలజిస్టుల సంఘం కౌంటర్ ఇచ్చింది. మెషిన్‌ను బట్టి, డోస్‌ను బట్టి లెక్క మారుతుంది. ఏదేమైనా ఎక్స్‌రే కంటే సీటీలో రేడియేషన్ ఎక్కువే. అవసరం లేకుండా తీయించొద్దు.. డాక్టర్ రాస్తే మానొద్దు.

స్కోర్ చూసి భయపడొద్దు
పాత రిపోర్టులో 25కి ఇంత అని వేసిన స్కోర్ స్కాన్ తీసిన రోజుది. ఇప్పుడు ఊపిరి ఎంత బాగుందో అది చెప్పదు.

దగ్గు ప్రతిదీ కరోనాది కాదు
పసుపు దుమ్ములో పనిచేసేవారు, బీడీలు చుట్టేవారు జిల్లాలో ఎక్కువే. పని ఏంటో డాక్టర్‌కు చెప్పాలి. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా టీబీ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో తెమడ పరీక్ష ఉచితం.

ఇలా ఉంటే ఆగొద్దు
ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, ఒక కాలికే వాపు.. వీటిలో ఏది కనిపించినా 12 వారాల లెక్క వర్తించదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూస్తేనే మచ్చ తగ్గుతోందా, పెరుగుతోందా తెలుస్తుంది.