మోటారు సైకిలు ప్లాస్టిక్కు పలకలను విరువక తిరిగి యమర్చు విధము

మన సంఘ సభ్యుల లోగిళ్లలో ఒకప్పుడు ఎడ్లబండి నిలిచిన తావున నేడు మోటారు సైకిలు నిలిచియున్నది. కేంద్రమునకు పాలు, చేనికి ఎరువుబస్తా, రాత్రివేళ బావి మోటారు వేయబోవు మనిషి, అన్నియు దానిమీదనే పోవుచున్నవి. దుక్కి దుమ్ములో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరును తరచుగా చూచుకొనవలెను. బ్యాటరీ తీగల కొసలను గూడ చూడవలెను. చాల బండ్లలో ఇవి సీటు క్రిందనో ప్రక్కపలకల చాటుననో యుండును. లోపలి పని సులభముగనే ముగియును. పలకను తిరిగి యెక్కించుటలోనే చిక్కు. బలిమిని నొక్కగా బొడిపె విరుగును. పిమ్మట ఆ పలక గతుకుల బాటలో గలగలలాడి, ఒకనాడు కాలువగట్టున రాలిపోవును. సైకిలు ట్యూబు ముక్కతో పలకను కట్టి త్రిప్పుచున్న బండ్లను మేము పెక్కు గ్రామములలో చూచుచున్నాము.

ప్లాస్టిక్కు నాసిరకపు వస్తువని కొందరు నిందింతురు. అది న్యాయము కాదు. తేలికైనది, త్రుప్పు పట్టనిది. కాని ఇనుపరేకువలె వంగి నిలువదు. కొంతవరకు వంగి, అటుపై విరుగును. చలిలో పెళుసెక్కును, ఏండ్లతరబడి యెండకు మాడినదియు నట్లే. కావున పుష్యమాసపు తెల్లవారుజామున ఈ పనికి పూనుకొనరాదు. పలకను కొంతసేపు నీరెండలో నుంచిన మెత్తబడును. నిప్పుసెగ మాత్రము చూపరాదు.

విప్పుటకు ముందు సెల్‌ఫోనుతో అన్ని ప్రక్కల ఫోటోలు తీసికొనుడు. అట్టముక్కపై పలక ఆకారము గీచి, ఏ మర ఎచ్చటనుండి వచ్చినదో అచ్చటనే గ్రుచ్చియుంచుడు. పొట్టిమర చోట పొడవుమర దూరినచో వెనుకనున్న తీగను పొడుచును.

అమర్చునపుడు మొదట కొక్కెములు, పిదప బొడిపెలు, కడపట మరలు. కొక్కెమును దాని గాడిలో దూర్చి, పలకను అది జారు దిక్కుననే జరుపవలెను. బొడిపెలు రబ్బరు బుష్షులలో దిగవలెను. రబ్బరు ఎండి గట్టిపడినచో ఎంత నొక్కినను దిగదు, బొడిపెయే విరుగును. అట్టి రబ్బరునకు సబ్బునీరు రాయుడు. ఇంజను ఆయిలుగాని గ్రీజుగాని రాయరాదు. రబ్బరు ఉబ్బి చెడును. పగిలిన బుష్షును మార్చుటయే మేలు. పలక వెలలో దాని వెల లెక్కకు రాదు. పలక నడుమ గాక, సరిగా బొడిపె వెనుక అరచేయి యానించి నొక్కుడు. దిగినపుడు చేతికే తెలియును.

దిగకున్నచో బలము పెంచక, పలకను తీసి లోన నేమి యడ్డుపడినదో చూడుడు. తరచుగా నది తీగయే. ఇది చిన్న సంగతి కాదు. పలకకును ఇనుప చట్రమునకును నడుమ నలిగిన తీగ తొడుగు అదరుటచేత కొలదికొలదిగా అరిగి, ఒకరాత్రి డొంకదారిలో తీగ చట్రమునకు తగిలి ఫ్యూజు పోవును, దీప మారును. హెడ్‌లైటు డూమును విప్పి పెట్టినవారు హాండిలును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి, తీగలును కేబుళ్లును బిగుసుకొనుట లేదని చూచుకొనవలెను.

మరలన్నింటిని వ్రేళ్లతో రెండుమూడు చుట్లు మాత్రమే యెక్కించి, పలక కుదురుకొనిన పిమ్మట ఒకటొకటిగా బిగింపుడు. ఒకదానిని ముందే బిగించినచో తక్కిన రంధ్రములు కలియవు. ట్రాక్టరు చక్రము బిగించినవారికి ఇది తెలిసినదే. నేరుగా ప్లాస్టిక్కులోనికి దిగు మరను మొదట విప్పు దిక్కునకు మెల్లగా త్రిప్పుడు. పాత గాడిలో పడగానే వ్రేళ్లకు చిన్న కుదుపు తెలియును. అప్పుడు బిగింపు దిక్కునకు త్రిప్పవలెను. లేనిచో మర క్రొత్తగాడి కోసికొనును. కొన్ని మారులకే రంధ్రము వదులగును. మరతో వచ్చిన వాషరును, చిన్న ఇనుపగొట్టమును మరువరాదు. బిగింపు భారమును ప్లాస్టిక్కుకు మారుగా అవియే మోయును.

బొడిపె ఇదివరకే విరిగియున్నచో పలకను పారవేయకుడు. లోపలివైపున దాని జాతి తరచుగా అచ్చువేసియుండును. ఏబీఎస్ అయినచో అసిటోనులో కరగును గనుక, ఆ జాతి తునుకలనే దానిలో నానవైచి, ముద్దచేసి అతికి, ఒక రాత్రి ఆరనీయవచ్చును. అసిటోను పెట్రోలువలె చప్పున నంటుకొనునది. పొయ్యి గాని బీడీ గాని దరిని ఉండరాదు. పీపీ అని యున్నచో సాధారణపు జిగురు పట్టదు. వేడి కమ్మితో కరగించి అతుకువాని యొద్దకు కొనిపోవలెను. పలకలను పెట్రోలుతో తుడుచు అలవాటును మేము మెచ్చము. మెరుపు పోవుటయే గాక బీటలు గూడ పుట్టవచ్చును.

పని ముగిసిన పిదప ఇంజను నడిపించి పలకపై చేయి యుంచి చూడుడు. గలగల వినవచ్చినచో ఏదో బొడిపె దిగలేదన్నమాట. ఎరువుబస్తా కట్టకమునుపే దానిని సరిచేసికొనుడు.