నా ల్యాప్‌టాప్‌లో నడిచింది మేడమ్!

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ డెమోకి ముందు రాత్రి, మా నలుగురం హాస్టల్ గదిలో రెండు గంటలు ఒకే బగ్ వెనక పడ్డాం. కోడ్ చూస్తే కరెక్టుగానే ఉంది, రన్ చేస్తే మాత్రం పాత తప్పే వస్తోంది. చివరికి తేలిందేంటంటే, బగ్ ఎప్పుడో పోయింది. మార్చిన ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేయలేదు, అంతే! తెల్లారి ల్యాబ్‌లో ఇంకో కథ. మా ప్రాజెక్ట్‌కి కావాల్సిన ఒక లైబ్రరీ నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. "నా ల్యాప్‌టాప్‌లో నడిచింది మేడమ్" అన్నాను. "అయితే మార్కులు కూడా దాన్నే అడుగు" అన్నారు.

తర్వాత చదివితే తెలిసింది, ఈ తిప్పలు మాతో మొదలవలేదని. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే టూల్ రాయడానికి కారణం కూడా ఇలాంటిదే. ఆయన సహోద్యోగి ఒకరు, సరిచేసిన కోడ్ కంపైల్ కాలేదని గమనించక, ఒక పూటంతా లేని బగ్ కోసం వెతికాడట.

ఇంతకీ బిల్డ్ టూల్ చేసేదేంటి? కంపైల్ చేయడం, లైబ్రరీలు కలపడం, టెస్టులు నడపడం, చివరికి ప్యాకేజీ కట్టడం. వీటన్నిటినీ సరైన వరసలో, ఒక్క కమాండ్‌తో చేస్తుంది. పులిహోరలో పోపు మాడితే పోపు మళ్లీ పెడతాం గానీ, అన్నం మళ్లీ వండం కదా! మేక్ తెలివి కూడా అదే. ఏ ఫైల్ ఎప్పుడు మారిందో టైమ్ చూసి, మారినదాన్నీ దానిమీద ఆధారపడ్డవాటినీ మాత్రమే మళ్లీ తయారుచేస్తుంది.

మరి ఏది ఎంచుకోవాలి? ముందు మీ భాష చూడండి.

సీలో చిన్న ప్రాజెక్ట్, అందరిదీ లినక్స్ అయితే మేక్ చాలు. ఒక్కటే జాగ్రత్త: మేక్‌ఫైల్‌లో కమాండ్ ముందు ట్యాబ్ ఉండాలి. స్పేస్‌లు కొడితే ఎర్రర్ వస్తుంది. టీమ్‌లో కొందరు విండోస్ వాడుతుంటే సీమేక్ మేలు. అది తానుగా కంపైల్ చేయదు. ఎవరి సిస్టంకి తగ్గ బిల్డ్ ఫైళ్లు వాళ్లకి రాసిపెడుతుంది.

జావాలో అసలు పోటీ మేవెన్‌కీ గ్రేడిల్‌కీ. మేవెన్ కాస్త మన హాస్టల్ వార్డెన్ టైపు. కోడ్ ఈ ఫోల్డర్‌లో, టెస్టులు ఆ ఫోల్డర్‌లో అని ముందే రూల్ పెడుతుంది. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ అనేది ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాస్తే, నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది. రూల్ పాటిస్తే ఏ గొడవా లేదు. గ్రేడిల్‌లో గ్రూవీ లేదా కోట్లిన్‌లో స్క్రిప్ట్ రాస్తాం, కాబట్టి స్వేచ్ఛ ఎక్కువ. కానీ ఆ స్క్రిప్టూ కోడే. అందులోనూ బగ్‌లు వస్తాయి, వాటినీ మనమే వెతుక్కోవాలి. ఆండ్రాయిడ్ యాప్ అయితే ఆలోచించే పనే లేదు, ఆండ్రాయిడ్ స్టూడియో గ్రేడిల్‌తోనే వస్తుంది.

ఇక రెండో ప్రశ్న: టీమ్‌లో ఈ బిల్డ్ ఫైల్ ఎంతమందికి అర్థమవుతుంది? ఒక్కరికే అయితే, ఆ ఒక్కరికి జ్వరమొచ్చిన రోజు ప్రాజెక్ట్‌కీ జ్వరమే. పెద్ద కంపెనీలు వాడుతున్నాయని బరువైన టూల్ ఎత్తుకోకండి. ఈసారి మేం మేవెన్ తీసుకున్నాం. అది గొప్పదని కాదు, ఆ ఫైల్ చదివితే నలుగురికీ అర్థమైంది, అందుకని.

చివరగా ఒక చిన్న పరీక్ష. డెమోకి వారం ముందే మీ ప్రాజెక్ట్‌ని పక్క గది ఫ్రెండ్‌కి ఇవ్వండి. మీరు నోరు విప్పకూడదు. రీడ్‌మీ చదివి, ఒక్క కమాండ్ కొట్టి తను రన్ చేయగలిగితే మీరు ఎంచుకున్న టూల్ సరైనదే. "అది కాదురా, ముందు ఈ ఫైల్ కాపీ చెయ్" అని మీ నోటి నుంచి వచ్చిందంటే మాత్రం, ఇంకా వారం టైముంది, మొదలెట్టండి!