దీపాలు వెలిగినంక

కరీంనగర్‌లో రాత్రి నాటకం ఉందంటే నేను ముందుగా కనుక్కునేది ఆఖరి బస్సుల వేళ. జగిత్యాలకు ఎప్పుడు, పెద్దపల్లికి ఎప్పుడు, సిరిసిల్లకు ఎప్పుడు. నటులు వచ్చారా, పరదా తాడు సాఫీగా జారుతుందా అన్నవి ఆ తర్వాతి సంగతులు. నాటకం ముగిశాక జనం కూర్చుని మాట్లాడాలంటే వాళ్లకు ఇల్లు చేరే దారి ఉండాలి కదా. గంటంబావు నాటకం, అరగంట ముచ్చట, బస్టాండు దాకా నడవడానికి పావుగంట. ఈ లెక్కను వెనక నుంచి వేసుకుంటూ పోతే పరదా ఎప్పుడు లేవాలో తేలుతుంది. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే కోత పడేది నాటకానికి కాదు, ముచ్చటకు. అందుకే ప్రసంగాలు నాటకానికి ముందు పెట్టొద్దని నిర్వాహకులతో చాలాసార్లు కొట్లాడాను. రాత్రి 10 దాటితే మైకు వాడొద్దన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది. మైకు ఆపేసినా ముచ్చట ఆగదు. చాలామంది గొంతు విప్పేది అప్పుడే.

నేను చిన్న నాటకాలకు స్టేజీ మేనేజరును. చిన్నవి అంటే ఆరేడుగురు నటులు, రెండు బల్లలు, ఒక నులక మంచం, చూడటానికి నూరు నూటయాభై మంది. బడి ఆవరణ, కాలేజీ హాలు, యూనియన్ ఆఫీసు మిద్దె, ఊరి నడుమ రచ్చకట్ట, ఎక్కడ జాగా దొరికితే అక్కడ. నాటకం గురించి రాసేవాళ్లు రచయిత గురించి, దర్శకుడి గురించి రాస్తారు. అది అయిపోయాక జనం ఏమన్నారో రాసినవాళ్లు తక్కువ. ఆ మాటలు నాకు వినబడేవి, ఎందుకంటే ఆ సమయంలో నాకు చేతి నిండా పని ఉన్నా చెయ్యకుండా నిలబడేవాణ్ని. సెట్టు విప్పడం మొదలుపెడితే మేకులు పీకే చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినగానే జనం చెప్పులు వెతుక్కుంటారు. నేను సుత్తె పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా, వింగులో నిలబడి వినేవాణ్ని.

ముచ్చట దానంతట అదే నడుస్తుందని అనుకునేవాళ్లు ఉన్నారు. నడవదు. దానికీ లైటు కావాలి, జాగా కావాలి. స్టేజీ మీద ఫోకస్ లైట్లు అట్లాగే వెలుగుతుంటే కింద కూర్చున్నవాళ్లు ఇంకా చీకట్లోనే ఉంటారు, చీకట్లో ఉన్నవాళ్లు ప్రశ్న అడగరు. అందుకని చప్పట్లు సద్దుమణగక ముందే పైన లైట్లు తీసేసి హాలు ట్యూబులైట్లు వేస్తాను. నటులను మేకప్ కడుక్కోనివ్వను, కుర్చీలు వెయ్యను. వేషాలతోనే వచ్చి స్టేజీ అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవాలి. అట్లా కూర్చుంటే వాళ్ల తలలు జనం తలల ఎత్తుకు దిగుతాయి. మొదటి మైకు ముందు వరస పెద్దమనిషికి ఇవ్వొద్దు. ఆయన పదిహేను నిమిషాలు మాట్లాడతాడు, మంచిగానే మాట్లాడతాడు, కానీ ఆ తర్వాత ఇంకెవరూ నోరు తెరవరు. వైరు ఎంత పొడుగుంటే అంత దూరం, జంపఖానా చివర ఆడవాళ్లు కూర్చున్న దిక్కు ముందు పంపిస్తాను. మొదటి రెండు నిమిషాలు అక్కడ మైకు చేతులు మారుతుంది, నవ్వులు వినబడతాయి, ఎవరూ మాట్లాడరు. ఓపిక పట్టాలి.

1990లలో ఒక ఊళ్లో గల్ఫ్ నాటకం వేశాం. కరీంనగర్ జిల్లాలో ఆ రోజుల్లో దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పేర్లు వినబడని వాడ లేదు. ఆజాద్ వీసా, కంపెనీ వీసా, కల్లివెల్లి అనే మాటలు వ్యవసాయం మాటలంత మామూలైపోయాయి. నాటకంలో భార్య ఇంట్లో ఉంటుంది, బుధవారం నాడు దుకాణం నుంచి పిల్లవాడు ఉరికొచ్చి ఫోన్ వచ్చిందని పిలుస్తాడు, ఆమె కొంగు సర్దుకుంటూ పరుగెత్తుతుంది. మా దృష్టిలో అది మంచి సీను. ముచ్చటలో నడివయసు అక్క ఒకామె లేచి నిలబడింది. మైకు తీసుకోలేదు.

"బుధారం ఫోన్ చేపిచ్చిన్రు మీరు. సుక్కురారం గదా సార్ వాళ్లకు సుట్టి. మమ్ములను ఎవరు పిల్వనీకె రారు. పొద్దుగాల్నే తానం జేసి పోయి దుకాణం కాడ కూసుంటం. అందరం కూసుంటం. ఎవలది మోగుతదో తెల్వదు."

ఆమె కూర్చుంది. పక్కామె అందుకుంది, ఆ పక్కన ఇంకొకామె. వీసాకు తెచ్చిన అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ, ఆ వడ్డీ ఒడవక ముందే మనిషి వాపస్ రావడం, అన్నీ వచ్చాయి. రాసుకోవడానికి నా దగ్గర క్యూలు రాసుకునే నోటుబుక్కు తప్ప ఏమీ లేదు, దాని వెనక పేజీల్లో రాశాను. మా దర్శకుడు ఆ వారమే సీను మార్చాడు. కొత్త సీనులో ఐదుగురు ఆడవాళ్లు బల్ల మీద వరుసగా కూర్చుని ఉంటారు, మాటల్లేవు. ఫోన్ మోగుతుంది. లేచేది కథలోని భార్య కాదు, వేరొకామె. ఇంతకు ముందు నా పుస్తకంలో 'ఫోను గంట, ఒకసారి' అని ఉండేది. దాన్ని కొట్టేసి 'ఫోను గంట, రెండుసార్లు, నడుమ చాలాసేపు ఆగాలి' అని రాసుకున్నాను. ఆ 'చాలాసేపు' ఎంతో చెప్పినవాళ్లు ఆ జంపఖానా చివరి ఆడవాళ్లే.

ఇంకో సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఒక కాలేజీలో హాస్య నాటిక వేశాం. కథానాయకుడు పుస్తకం భాష మాట్లాడతాడు, తల్లీతండ్రీ పుస్తకం భాషే. నౌకరు ఒక్కడే "గట్లనా అయ్యా", "నాకేం ఎరుక" అంటాడు. అతను నోరు తెరిస్తే హాలు నవ్వేది. నవ్వు తగ్గాక లైటు దించమని నా క్యూ. ముచ్చటలో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, మా లెక్క మాట్లాడెటోడు నౌకరే ఎందుకయిండు?" దర్శకుడు నెమ్మదిగా, అది హాస్యం కోసమని చెప్పాడు. పిల్లవాడు కూర్చోలేదు. "మా అమ్మ గట్లనే మాట్లాడ్తది సార్. ఆమె మాట్లాడ్తె ఇంట్ల ఎవరు నవ్వరు."

నౌకరు వేషం కట్టినతను మంథని దిక్కువాడు. నాయకుడి వేషం వేసినతనిది హుజూరాబాద్. ఇద్దరూ ఇంట్లో ఆ పిల్లవాని తల్లి లాగానే మాట్లాడతారు, నేనూ అంతే. రిహార్సల్ నెల రోజులు నడిచింది, మా ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. తర్వాతి ప్రదర్శనకు అందరి మాటలూ ఇంటి మాటలుగా మారాయి. అలవాటైన చోట నవ్వు రాలేదు, నా క్యూ పనికిరాకుండా పోయింది. తండ్రి కొడుకును కసిరే చోట, ఎన్నడూ ఏమీ జరగని చోట, హాలంతా ఊపిరి బిగబట్టింది. 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమ ధూంధాం సభలు మొదలయ్యాక స్టేజీ మీద మా భాషకు తల ఎత్తుకునే రోజులొచ్చాయి. మా చిన్న బృందానికి ఆ దారి చూపింది ఆ పిల్లవాని ప్రశ్న.

అసలు ఈ ప్రాంతంలో చూసేవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నది ఎప్పుడు? హాళ్లు కట్టి దీపాలు ఆర్పడం నేర్చుకున్నాకే. ఒగ్గుకథలో కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన వంతగాళ్లు ఉంటారు, అవునంటారు, అప్పుడేమైందని అడుగుతారు, మధ్యలో ఎకసెక్కాలాడతారు. జనం మనసులో ఉన్న ప్రశ్నే వాళ్ల నోట వస్తుంది. డోలు, తాళాలు, నపీర నడుమ మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రులకు రాత్రులు సాగేది ఆ ప్రశ్నల బలంతోనే. కవి సినారె పుట్టిన హనుమాజీపేటే ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ. వేములవాడ పక్కన ఒకే ఊరు ఇద్దరినీ కన్నది. ఇక చిందు భాగోతంలోని జాంబ పురాణమైతే మొత్తం వాదమే. జాంబవంతుడికీ బ్రాహ్మడికీ మధ్య పుట్టుకల మీద, కులాల మీద సంవాదం. మా చర్చల్లో అడగడానికి జంకే ప్రశ్నను చిందు కళాకారులు ఆటలోనే, ఊరి నడుమ, పెట్రోమాక్సు వెలుగులో అడిగేవాళ్లు.

బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ 1970లలో ఫోరం థియేటర్ అనే పద్ధతి తెచ్చాడు. చూసేవాళ్లు నాటకాన్ని ఆపి, తామే పాత్రలోకి వచ్చి, ఇంకో దారి ఉందని చేసి చూపొచ్చు. నటులకూ జనానికీ నడుమ నిలబడేవాణ్ని ఆయన జోకర్ అన్నాడు, పేకముక్కల్లో జోకర్ లాగా ఏ రంగుకూ చెందనివాడని. దాని గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మన భాగోతంలోని బుడ్డెరఖాన్. కథలోంచి బయటికొచ్చి ఊరి సంగతులు ఎత్తుకుని, జనంతో మాట్లాడి, మళ్లీ కథలోకి పోతాడు.

సముద్రాలు దాటి ఉండి ఇది చదువుతున్న తెలుగువాళ్లారా, మీరూ పండుగలకు నాటకం వేస్తారని, చాలా శ్రమపడి వేస్తారని నాకు తెలుసు. మీకు ఆఖరి బస్సు భయం లేదు, గంటల లెక్కన హాలు అద్దె భయం ఉంటుంది. రెండు డ్యాన్సుల నడుమ ఇరవై నిమిషాలు నాటకానికి, వెంటనే శాలువాలు, జ్ఞాపికలు. నాది ఒక్కటే విన్నపం: శాలువాలను ఇంకో రోజుకు జరిపి ఆ అరగంట చూసినవాళ్లకు ఇవ్వండి. అక్కడ పుట్టిన పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్లు ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే అడగనివ్వండి. తాత ఎందుకు అట్లా చేశాడని ఒక పిల్ల అడిగితే, జవాబు చెప్పడానికి లేచే నలుగురు పెద్దవాళ్లు నాలుగు రకాలుగా చెబుతారు. అది వినడానికి నేను విమానం ఎక్కమన్నా ఎక్కుతాను.

ఆదిలాబాద్ నాకు వేరే పాఠం చెప్పింది. డిసెంబర్‌లో, ఉట్నూరు దిక్కు ఒక గోండు గూడెంలో, తాకట్టులో పోయిన భూమి మీద నాటకం వేశాం. తెలుగు నాటకం. అయిపోయింది, లైటు మార్చాను, నటులు నేల మీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. పది నిమిషాలు, పావుగంట. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. మా దర్శకుడు నా వైపు చూశాడు, నాటకం అందలేదని మా ఇద్దరికీ అనిపించింది. వాళ్లు మాట్లాడటం రానివాళ్లు కారు. అక్కడికి దగ్గర్లోనే కేస్లాపూర్‌లో నాగోబా జాతరలో ఏటా దర్బారు జరుగుతుంది. 1940లో గోండు వీరుడు కొమురం భీం చనిపోయాక మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ దశాబ్దంలోనే మొదలుపెట్టించిన దర్బారు. అక్కడ కలెక్టరు ముందు నిలబడి తమ బాధలు చెప్పుకునే మనుషులు వీళ్లు. మరి మా ముందు ఎందుకు మాట్లాడరు?

ఊరి పెద్ద, పట్లా, లేచి గోండీలో ఏదో చాలాసేపు చెప్పాడు. తర్వాత మా వైపు తిరిగి తెలుగులో, ఈ రాత్రి ఇక్కడే పండుకోవాలని, అన్నం వండుతున్నారని చెప్పాడు. ఇది గోండుల మర్యాద: దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడే దండారి బృందం పక్క ఊరికి పోతే, ఆ ఊరు వాళ్లను చుట్టాల్లా నిలుపుకుంటుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లు ఆ ఆట గురించి రాశాయి గానీ ఈ మర్యాద గురించి రాసింది నా కంట పడలేదు. ఆట ఆడినవాడు ముందు చుట్టం కావాలి, ముచ్చట ఆ తర్వాత.

తెల్లారి నెగడు చుట్టూ కూర్చున్నాం. పాలు లేని చాయ్ ఇచ్చారు. అప్పుడు మొదలుపెట్టారు. ఎవరి చేను ఎట్లా పోయిందో, గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదనే 1/70 చట్టం ఉండి కూడా ఎట్లా పోయిందో, మా నాటకంలో సేటు ఎక్కడ అబద్ధంగా ఉన్నాడో. మేం సేటును కేకలు వేసేవాణ్నిగా చేశాం. అట్లా ఉండడని, మెల్లగా మాట్లాడతాడని, పిల్లల పేర్లు పెట్టి పిలుస్తాడని, పండుగకు బట్టలు పెడతాడని చెప్పారు. నేను పక్కన వ్యాన్‌లో సామాను సర్ది తాడు బిగిస్తున్నాను. ఒక ముసలాయన సేటు వేషం వేసినతని భుజం తట్టి అన్నాడు:

"ఆ ఆఖరి ముచ్చట ఇంగోసారి చెయ్యి. మెల్లగ మాట్లాడుకుంట చెయ్యి."

నేను తాడు ముడి విప్పి మంచం కిందికి దించాను.