ముందు చట్రం, తర్వాత గీత

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఏడాది పొడవునా రోజూ దిగిన చేపల లెక్కను గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ‘ఆర్’లో గ్రాఫు గీశారనుకోండి. మరబోట్ల గీత ఏప్రిల్ మధ్యలో సున్నాకు పడి, రెండు నెలలు అక్కడే పాకి, జూన్ మధ్యలో లేస్తుంది. సంగతి తెలియనివాళ్లు సముద్రంలో చేపలు అయిపోయాయనుకుంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలున్నాయి, బోట్లే జట్టీ దాటలేదు. ఆ ముక్క గ్రాఫు మీదే కనిపించాలంటే దానికి మరికొన్ని గీతలు, గుర్తులు చేర్చాలి.

ఆర్‌లో బొమ్మ గీసే ఆదేశాలు రెండు రకాలు. ‘ప్లాట్’ కొత్త బొమ్మ మొదలుపెడుతుంది. ‘లైన్స్’, ‘పాయింట్స్’, ‘రెక్ట్’, ‘టెక్స్ట్’, ‘లెజెండ్’ ఉన్న బొమ్మ మీదే గీస్తాయి. ప్లాట్ లేకుండా లైన్స్ రాస్తే, అసలు బొమ్మేదని ఆర్ కసురుకుంటుంది. రెండో గీత కోసం మళ్లీ ప్లాట్ రాస్తే మొదటి బొమ్మ పోయి కొత్తది వస్తుంది. దానికి మాత్రం కసురు లేదు.

చిక్కంతా అక్షాల దగ్గర. మొదటి ప్లాట్ తనకిచ్చిన అంకెల్లో కనిష్ఠ, గరిష్ఠాలు చూసి, అటూ ఇటూ 4 శాతం జాగా వదిలి హద్దులు ఖాయం చేస్తుంది. ఆపైన ఏం చేర్చినా చట్రం కదలదు. నిషేధం వర్తించని తెప్పల లెక్కతో ముందు బొమ్మ గీసి, దానిమీద మరబోట్ల గీత చేర్చితే, ఆ గీత పై అంచు దగ్గర తెగిపోతుంది. హెచ్చరిక కూడా రాదు. వేటకెళ్లే బోటు ఐసు ఒడ్డునే నింపుకున్నట్టు, ఈ జాగా ముందే చూసుకోవాలి: రెండు లెక్కలూ కలిపి ‘రేంజ్’కు ఇచ్చి, వచ్చిన హద్దుల్ని మొదటి ప్లాట్‌లోనే ‘వైలిమ్’గా పెట్టాలి.

లెక్కలో ఖాళీ గళ్లుంటే వాటిని వదిలేయమని రేంజ్‌కు చెప్పాలి. లేకపోతే ఒక్క ఖాళీ గడి హద్దులన్నిటినీ ఖాళీ చేస్తుంది. నిషేధంలో మరబోట్ల సున్నా నిజమైన సున్నా. లెక్క రాసే మనిషి సెలవు పెట్టిన రోజుది సున్నా కాదు, ‘ఎన్ఏ’. అక్కడ గీత తెగుతుంది, తెగనివ్వండి.

ఇక నిషేధ కాలం. ఏప్రిల్ 15 ఎడమ అంచుగా, జూన్ 14 కుడి అంచుగా ‘రెక్ట్’తో బూడిదరంగు పట్టీ వేయాలి. తర్వాత గీసింది పైన కూర్చుంటుంది గనక, చివర్లో వేస్తే పట్టీ గీతల్నే కప్పేస్తుంది. అందుకే టైప్ ‘ఎన్’తో ముందు ఖాళీ చట్రం, దానిలో పట్టీ, దానిమీద గీతలు, చివర లెజెండ్. లెజెండ్‌లో రంగులు మీరే రాయాలి. గీతల రంగులతో ఆర్ పోల్చి చూడదు. తెప్పను మరబోటన్నా నమ్ముతుంది. ఆర్‌లోనే వాడే ‘జీజీప్లాట్2’ ప్యాకేజీ అయితే పొరలన్నీ చూశాకే అక్షాలు తేలుస్తుంది, రంగులను విలువలకు ముడిపెడితే లెజెండ్ కూడా తానే కడుతుంది.

ఊపు మీద కొందరు వేలంలో పలికిన వంజరం ధరనూ అదే బొమ్మలో, కుడివైపు వేరే అక్షంతో ఎక్కిస్తారు. ఆ అక్షం కొలత మన చేతిలోనే ఉంటుంది గనక, రెండు గీతలూ ఎక్కడ కలవాలంటే అక్కడ కలుస్తాయి. కావలసిన సంబంధం కుదిరేదాకా సర్దుకోవచ్చు. రెండు లెక్కలు కలపడమే తప్పని కాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే తావులు చెప్పడానికి సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ, క్లోరోఫిల్‌నూ కలిపి చూస్తుంది. ఆ రెండూ ఒకే అక్షాంశ రేఖాంశాల మీద కూర్చుంటాయి కాబట్టి ఆ కలయికకు అర్థముంది. టన్నులకూ రూపాయలకూ ఉమ్మడిగా ఉన్నది తేదీ ఒక్కటే. ధరను కింద మరో బొమ్మగా గీసి, తేదీల అక్షం పైదానితో సరిపెట్టండి. సంబంధం ఉంటే చదివేవాళ్లకు ఎలాగూ కనిపిస్తుంది.